జలపాతాల గ్లాడియోలస్ విత్తనాల పాకెట్: గింజ మొలుస్తుంది, పేరునే నమ్మలేం

జలపాతాల అంచున పెరిగే దక్షిణాఫ్రికా ఎర్రపూల అడవి మొక్క గ్లాడియోలస్ కార్డినాలిస్. దాని విత్తనాల పాకెట్ కొంటే గింజలు మొలుస్తాయి. ఆ విషయంలో ఫిర్యాదేమీ లేదు. చిక్కంతా పాకెట్ మీద రాసిన పేరుతోనే. మొలిచింది కార్డినాలిసా, ఇంకో జాతితో కలిసిన సంకరమా అన్నది పూత వస్తేగాని గట్టిగా తేలదు. పూత రావడానికి మూడేళ్లు, ఒక్కోసారి నాలుగేళ్లు పడుతుంది. అప్పుడు అమ్మినవాడిని నిలదీసి లాభం ఉండదు. కాబట్టి కొనేముందే మొక్క వర్ణన బాగా చదివి పెట్టుకోవాలి, కొన్నాక ఏటేటా మొక్కను ఆ వర్ణనతో పోల్చి చూసుకోవాలి. ఈ సమీక్షలో వర్ణనకు ఇంత చోటు ఇచ్చింది అందుకే.

మామూలు విత్తనాల దుకాణంలో ఈ సరుకు దొరకదు. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు దుంపమొక్కలనే పెంచి, వాటి విత్తనం అమ్మే చిన్న వ్యాపారులు అక్కడా, ఇంగ్లండ్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ కొందరున్నారు. పాకెట్‌కు పదో ఇరవయ్యో గింజలు ఉంటాయి. గింజల ధర తక్కువే. దాని మీద పడే పోస్టేజీ, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో చీడపీడలు లేవని పంపే దేశపు ప్రభుత్వం ఇచ్చే పత్రం) రుసుము కలుపుకుంటే అసలు ధరను దాటిపోతుంది. ఆ సర్టిఫికెట్ మొత్తం పార్సెల్‌కు ఒక్కటే ఇస్తారు కనుక ఒక్క పాకెట్ కోసం ఆర్డర్ పెట్టడం దండగ. నలుగురు కలిసి తెప్పించుకుంటే గిట్టుబాటు అవుతుంది.

అసలు మొక్క ఎలా ఉండాలి

పెళ్లి మంటపాల్లోనూ, బొకేల్లోనూ కనిపించే నిలువెత్తు గ్లాడియోలస్‌ను మనసులోంచి తీసేయండి. అది అనేక ఆఫ్రికా జాతులను కలుపుతూ రెండు వందల ఏళ్లుగా తయారుచేసిన సంకరం. దాని కణాల్లో క్రోమోజోములు 60. దక్షిణాఫ్రికా అడవి జాతుల్లో మామూలుగా ఉండేవి 30. గ్లాడియోలస్ ప్రజాతిలో సుమారు 300 జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికావి; కొద్దిపాటి మధ్యధరా సముద్ర తీరాల్లోనూ, అరేబియాలోనూ, మడగాస్కర్‌లోనూ ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ రకాలు ఒక్కచోట కనిపించేది దక్షిణాఫ్రికా నైరుతి కొసన ఉన్న వెస్టర్న్ కేప్‌లో. కార్డినాలిస్ అక్కడిదే. విలియం కర్టిస్ 1790లో దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు.

బేన్స్ క్లూఫ్, డు టాయిట్స్ క్లూఫ్, రివియర్‌సొండరెండ్ వంటి పర్వతాల్లో, ఇసుకరాతి కొండచరియల మీద, జలపాతం తుంపర పడేచోటా, రాతి పగుళ్లలోంచి నీళ్లు చెమ్మగిల్లేచోటా ఇది పెరుగుతుంది. ఆ చోట్లు తక్కువ, ఒకదానికొకటి దూరం. పూత డిసెంబరు, జనవరి నెలల్లో, అంటే అక్కడి నడివేసవిలో. అక్కడివాళ్లు న్యూ ఇయర్ లిలీ అంటారు. లిలీ మాత్రం కాదు, ఐరిస్ కుటుంబపు మొక్క. లిలీ పువ్వులో కేసరాలు ఆరు, అండాశయం రేకుల పైన. గ్లాడియోలస్‌లో కేసరాలు మూడే, అండాశయం రేకుల గొట్టానికి కింద.

కాడ 60 సెంటీమీటర్ల నుంచి మీటరు పైదాకా సాగుతుంది. నిటారుగా నిలబడదు. కొండచరియ నుంచి ముందుకు వంగి, వేలాడినట్టు ఉంటుంది. ఇది బలహీనత కాదు, జాతి లక్షణం. కుండీలో కర్రకు కట్టి నిలబెట్టినవాళ్లు మొక్క అందాన్ని పాడుచేసుకుంటున్నట్టే. ఆకులు కత్తుల్లా చదునుగా, నున్నగా, అడుగున ఒకదాన్నొకటి పట్టుకుని విసనకర్రలా పరుచుకుంటాయి. నూగు ఉండదు.

పువ్వు పెద్దది, వెడల్పుగా విచ్చుకుంటుంది. ముదురు ఎరుపు. కింది మూడు రేకుల మీద ఒక్కొక్క తెల్లటి మచ్చ, డైమండ్ ఆకారంలో, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేకులన్నీ అడుగున కలిసి మూడు నాలుగు సెంటీమీటర్ల గొట్టం అవుతాయి. మకరందం ఆ గొట్టం అడుగున ఉంటుంది. మూడు కేసరాలూ పై రేకు కిందికి ఒకే పక్కకు వంగి వరసగా నిలుస్తాయి. వాటి వెనకే పుప్పొడిని అందుకునే కీలం, కొసన మూడు చీలికలుగా విడుతుంది. వాసన ఉండదు. ఒక కాడకు ఐదారు పూలు, మొక్క బాగా ముదిరితే ఇంకొన్ని. కాయ మూడు గదులది, ఎండితే మూడుగా పగులుతుంది. గింజ చుట్టూ పలచని గోధుమరంగు పొర రెక్కలా ఉంటుంది. గాలికి ఎగరడానికి ఆ ఏర్పాటు.

ఎర్ర పువ్వు, తెల్ల మచ్చ అన్న రెండు గుర్తులతో సరిపెట్టుకుంటే మోసపోతారు. సెంపర్‌విరెన్స్ అనే ఇంకో జాతికీ దాదాపు అదే పువ్వు. అది జార్జ్ పట్టణం వెనక ఉన్న ఔటెనిక్వా కొండలది, పూచేది అక్కడి శరదృతువులో, మార్చి నుంచి మే దాకా. స్టెఫానియే అన్న అరుదైన జాతి కూడా ఎరుపే, అదీ శరదృతువులోనే పూస్తుంది. డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల ఎత్తైన బసాల్ట్ చరియలకు వేలాడే ఫ్లానగానీ ఎరుపే, కాని అది వేసవి వానల ప్రాంతపు మొక్క. పెంపకం పూర్తిగా వేరు. భూమధ్యరేఖకు ఇవతల ఉన్నవాళ్లు ఈ నెలలకు ఆరు నెలలు కలుపుకోవాలి. ఉత్తరార్ధగోళంలో అసలైన కార్డినాలిస్ జూన్, జులైలలో పూయాలి. సెప్టెంబరు దాటాక పూసిందంటే పాకెట్ మీద పేరు తప్పు అనుకోవచ్చు.

పేరు ఎందుకు తప్పుతుంది

దీనికి కారణం వ్యాపారుల మోసమని చాలామంది అనుకుంటారు. మోసం చాలా తక్కువ. అసలు కారణం మొక్కలోనే ఉంది.

కేప్ కొండల్లో ఈరోపీటిస్ టుల్బాఘియా అనే పెద్ద గోధుమరంగు సీతాకోకచిలుక ఉంది, మౌంటెన్ ప్రైడ్ అంటారు. దానికి ఎరుపంటే విపరీతమైన ఆకర్షణ. ఎర్ర టోపీ పెట్టుకుని కొండెక్కేవాళ్ల తల చుట్టూ తిరుగుతుంది. నడివేసవి నుంచి శరదృతువు దాకా ఆ కొండల్లో పూసే పెద్ద ఎర్రపూలు చాలావాటికి పరాగసంపర్కం చేసేది అదే. కార్డినాలిస్, డైసా యూనిఫ్లోరా ఆర్కిడ్, క్రాసులా కొక్సీనియా, నెరీన్ సార్నియెన్సిస్ అన్నీ దాని మీద ఆధారపడ్డవే. స్టీవెన్ జాన్సన్, విలియం బాండ్ 1994లో ఈ సంగతి వివరంగా ప్రచురించారు. అదే కొండల కింద పూసే ట్రిస్టిస్ అనే గ్లాడియోలస్ లేత పసుపు, రాత్రి ఘాటుగా వాసన వేస్తుంది, దానికి రాత్రిపూట చిమ్మటలు వస్తాయి. పూచే కాలం వేరు, పూచే చోటు వేరు, వచ్చే పురుగు వేరు. అడవిలో ఈ జాతులు కలవకుండా ఉన్నది ఈ మూడింటి వల్లే. లోపల క్రోమోజోముల సంఖ్య ఒకటే, పుప్పొడి తగిలితే గింజ కడుతుంది.

నర్సరీలో ఈ అడ్డుగోడలు మూడూ పడిపోతాయి. పదుల రకాలు ఒకే షెడ్డులో, పక్కపక్క కుండీల్లో. పాలీహౌస్ వేడికి పూత ముందువెనకలవుతుంది. తేనెటీగ దేని మీద వాలాలో చూసుకోదు. లండన్ చెల్సీలో జేమ్స్ కోల్విల్ నర్సరీ 1823లో ట్రిస్టిస్, కార్డినాలిస్‌లను కలిపి కోల్విల్లీ అనే సంకరం తీసింది. తోటల్లో పెరిగే పొట్టి నానస్ రకాలకు అది పూర్వీకం. రెండు వందల ఏళ్ల కిందట చేతితో చేసిన పని ఇప్పుడు నర్సరీల్లో తేనెటీగ తనంతట తాను చేస్తోంది. తల్లిమొక్క నిజంగానే కార్డినాలిస్. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు. తండ్రి ఎవరో అతనికీ తెలియదు.

కాబట్టి ఆర్డర్ పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలి. చేతితో పరాగసంపర్కం చేశారా, పువ్వు విచ్చకముందే సన్నని వల సంచి కట్టారా? తల్లిమొక్క ఏ కొండ నుంచి వచ్చిన విత్తనంతో పెరిగింది? ఈ గింజ ఏ ఏడాది కోసినది? మొదటి ప్రశ్నకు "ఓపెన్ పాలినేటెడ్", అంటే పుప్పొడిని పురుగులకే వదిలేశాం అని జవాబు వస్తే అది నిజాయితీ గల జవాబే, కాని సంకరం వచ్చే అవకాశం ఉందని ఒప్పుకున్నట్టు. రెండోదానికి జవాబు చెప్పలేని వ్యాపారి దగ్గర ఈ జాతి కొనకండి, వేరే ఏదన్నా కొనుక్కోండి. అడవిలో కోసిన విత్తనం అని గొప్పగా చెబితే అనుమతి ఉందా అని అడగండి. వెస్టర్న్ కేప్‌లో అడవి మొక్కల మీద చేయి వేయాలంటే భూమి యజమాని అనుమతీ, రాష్ట్ర ప్రకృతి సంరక్షణ శాఖ పర్మిట్ కూడా కావాలి.

దుంపలు అమ్ముతామంటే? ఈ జాతి వరకు వద్దు. గ్లాడియోలస్ దుంపల్లో బీన్ ఎల్లో మొజాయిక్, కుకుంబర్ మొజాయిక్ వైరస్‌లు తరచు ఉంటాయి. ఒకసారి దుంపలో చేరాయంటే పోవు, పిల్లదుంపలకూ వెళ్తాయి. గింజ ద్వారా అవి రావడం అరుదు. మూడేళ్ల ఆలస్యం ఉన్నా విత్తనమే శుభ్రమైన దారి.

పార్సెల్ దాటాల్సిన గేట్లు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇది తేలిక. వ్యవసాయ శాఖ ఎఫిస్ విభాగం ఇచ్చే స్మాల్ లాట్స్ ఆఫ్ సీడ్ పర్మిట్ ఉంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఒక రకానికి పాకెట్‌కు 50 గింజలు లేదా 10 గ్రాములు మించకూడదు, ఒక పార్సెల్‌లో 50 పాకెట్లు దాటకూడదు, ప్రతి పాకెట్ మీద శాస్త్రీయ నామం, ఏ దేశపుదో రాసి ఉండాలి, గింజలకు మందు పట్టించి ఉండకూడదు. పర్మిట్‌తో వచ్చే ఆకుపచ్చ పసుపు లేబుల్‌ను వ్యాపారికి ముందే పంపాలి. పార్సెల్ ఆ లేబుల్ మీది చిరునామాకు, అంటే తనిఖీ కేంద్రానికి వెళ్లి, అక్కణ్ణుంచి మీకొస్తుంది. దుంపలకు ఈ పర్మిట్ పనికిరాదు. యూరోపియన్ యూనియన్‌లో 2019 డిసెంబరు నుంచి బయటి దేశాల విత్తనాలకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఇండియాకు తెప్పించాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటీన్ ఆర్డర్ వర్తిస్తుంది. ఇంపోర్ట్ పర్మిట్, పంపే దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఇక్కడ దిగాక తనిఖీ. కవర్లో పెట్టి మామూలు పోస్టులో పంపిస్తామనే వ్యాపారులు ఉంటారు. పట్టుబడితే సరుకు పోతుంది, డబ్బు తిరిగి రాదు. పట్టుబడకపోతే ఇంకా ప్రమాదం: మన దగ్గర వేల ఎకరాల్లో గ్లాడియోలస్ సాగు చేసే రైతులున్నారు, కొత్త తెగులు ఒకటి వచ్చిందంటే ఆ నష్టం వాళ్లది. ఆఫ్రికా నుంచి బయల్దేరిన గ్లాడియోలస్ తుప్పు తెగులు ఇప్పటికే ఇతర ఖండాలకు పాకింది. ఆస్ట్రేలియాలో ఇంకో రకం ఇబ్బంది. కేప్ గ్లాడియోలస్‌లు కొన్ని అక్కడ కలుపుమొక్కలుగా మారాయి, పశ్చిమ ఆస్ట్రేలియాలో కారియోఫిల్లాసియస్ అనే జాతి పొదల్లోకి వ్యాపించింది. అక్కడి నిబంధనలు చూడకుండా ఆర్డర్ పెట్టొద్దు.

పాకెట్ విప్పాక

గింజను వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. పలచని రెక్క మధ్యలో గుండ్రంగా, గట్టిగా, నల్లగా కనిపిస్తే గింజ నిండినది. అంతా ఒకే పలచన అయితే తాలు. తాలు ఎక్కువగా ఉందంటే తల్లిపువ్వుకు పుప్పొడి సరిగా అందలేదన్నమాట. ఫోటో తీసి వెంటనే వ్యాపారికి పంపండి, ఈ ఒక్క ఫిర్యాదుకు మాత్రం వాళ్లు స్పందించే అవకాశం ఉంది.

దక్షిణాఫ్రికాలో కాయ ముదిరేది వేసవి చివర. ఉత్తరార్ధగోళానికి గింజ చేరేసరికి ఎండలు మొదలవుతాయి. వెంటనే విత్తొద్దు. కాగితపు కవర్లో పెట్టి, ఆ కవర్‌ను మూతగట్టి డబ్బాలో ఉంచి, ఫ్రిజ్‌లో కింది అరలో అక్టోబరు దాకా దాచండి. ఫ్రీజర్‌లో కాదు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి, పగలు 18-20కి దిగినప్పుడు విత్తాలి. గింజ మేల్కొనేది పగలు, రాత్రుల తేడాకు. వెచ్చగా ఉన్నప్పుడు విత్తితే చాలామటుకు మొలవవు, ఊరికే తడిలో నాని బూజు పడతాయి. కేప్ పొదల విత్తనాలతో పాటు మొలక కోసమని పొగ పట్టించిన కాగితపు బిళ్లలు కూడా అంటగడతారు. ప్రొటియా లాంటి పొదలకు అవి ఉపయోగమేమో గాని ఈ గింజకు అవసరం లేదు.

మట్టి: కడిగిన ముతక ఇసుక రెండు పాళ్లు, ప్యూమిస్ (అగ్నిపర్వతాల నుంచి వచ్చే తేలికైన రాయి) ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, మంచినీళ్లలో మూడుసార్లు నానబెట్టి పిండాలి. పశువుల ఎరువు వద్దు, ఎముకల పొడి అసలే వద్దు. కేప్ ఇసుకరాతి నేలల్లో భాస్వరం చాలా తక్కువ, అక్కడి మొక్కలు దానికే అలవాటుపడ్డాయి. కుండీ లోతు కనీసం 15 సెంటీమీటర్లు. గింజంత మొక్కకు ఇంత లోతెందుకంటే, గ్లాడియోలస్ దుంపకు లాగుడు వేళ్లు ఉంటాయి, అవి ముడుచుకుంటూ దుంపను ఏటేటా కిందికి దించుతాయి. కుండీ లోతు లేకపోతే దుంప అడుగుకు తగిలి వేడెక్కుతుంది, లేదా నీరు నిలిచేచోట కుళ్లుతుంది.

గింజలను రెండేసి సెంటీమీటర్ల దూరంలో పడుకోబెట్టి, పైన 3-4 మిల్లీమీటర్లు ముతక ఇసుక చల్లండి. మొదటి తడి కింది నుంచి, తట్టలో నీళ్లు పోసి పైదాకా చెమ్మ ఎక్కాక తట్ట తీసేయండి. పేరు పెన్సిల్‌తో రాయండి, మార్కర్ సిరా ఎండకు ఏడాదిలో వెలిసిపోతుంది. మూడు నుంచి ఆరు వారాల్లో గడ్డిపోచల్లాంటి మొలకలు వస్తాయి. మొలవని గింజలు వచ్చే శరదృతువులో మొలవొచ్చు, కుండీ పారేయకండి.

మొదటి ఏడు మొక్కకు సన్నని ఆకు ఒకటే. ఈ దశలో పీకి నాటితే చస్తుంది. నారుకుళ్లు తెగులు వచ్చేది ఇప్పుడే, కారణం దాదాపు ఎప్పుడూ గాలి ఆడకపోవడమే. పైన ప్లాస్టిక్ కవరు కప్పొద్దు.

ఇక ఈ సరుకులో అన్నిటికంటే బలహీనమైనది గింజ కాదు, దాంతో వచ్చే సూచనల కాగితం. కేప్ దుంపలన్నిటికీ కలిపి ఒకే కాగితం ఇస్తారు: చలికాలం నీళ్లు పోయండి, వేసవిలో పూర్తిగా ఆపండి. ట్రిస్టిస్‌కు అది సరిగ్గా సరిపోతుంది. కార్డినాలిస్‌కు అది ప్రాణాంతకం. ఇది నడివేసవిలో పూసే మొక్క, జలపాతం అంచున దాని వేళ్లకు చెమ్మ తెగదు. మేలో నీళ్లు ఆపితే మొగ్గ కాడ లోపలే ఎండిపోతుంది, చిన్న దుంపైతే ముడుచుకుపోయి మళ్లీ లేవదు. పూత అయ్యాక ఆకులు పండుబారినప్పుడు నీళ్లు తగ్గించొచ్చు, మట్టి పొడిబారనివ్వకూడదు.

అలాగని నీళ్లలో నిలబెట్టకండి. జలపాతం నీరు చల్లన, కదులుతూ ఉంటుంది, దాంట్లో ప్రాణవాయువు నిండుగా ఉంటుంది. తట్టలో నిలిచిన గోరువెచ్చని నీళ్లలో అది ఉండదు, రెండు వారాల్లో వేళ్లు కుళ్లి ఫ్యూసేరియం శిలీంధ్రం దుంపలోకి చేరుతుంది. అడుగున గోధుమరంగు మచ్చ, ఆకులు బయటి నుంచి లోపలికి పసుపు తిరగడం దాని గుర్తులు. అలాంటి దుంపను మట్టితో సహా తీసేయాలి, మందులతో బతికించాలని చూడటం వృథా. పనిచేసే ఏర్పాటు ఇది: మట్టికుండీని దానికంటే పెద్ద కుండీలో పెట్టి, మధ్య సందులో ఇసుక పోసి, ఆ ఇసుకను రోజూ తడపాలి. లోపలి కుండీకి ఉదయం పైనుంచి చల్లటి నీళ్లు పోసి పారనివ్వాలి. ఉదయపు ఎండ చాలు, మధ్యాహ్నం కుండీ గోడకు ఎండ తగలకూడదు.

నీటి నాణ్యత దగ్గర మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. గ్లాడియోలస్‌కు ఫ్లోరైడ్ పడదు. గాలిలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉందో లేదో కనిపెట్టడానికి ఫ్యాక్టరీల చుట్టూ ఈ మొక్కలనే నాటేవారు, ఆకు కొసలు మాడిపోయి చెప్పేస్తాయి. నల్లగొండ వైపు బోరు నీళ్లు పోస్తే అదే జరుగుతుంది, కొస నుంచి కిందికి గోధుమరంగు పట్టీ దిగుతుంది. తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, కుండీ మట్టిలో కలిపే తెల్లటి పెర్లైట్ గుళికల్లోనూ కొంత ఉంటుంది. మట్టిలో ప్యూమిస్ చెప్పింది అందుకే. వాననీళ్లు పట్టి వాడటం ఉత్తమం, లేదంటే ఆర్‌ఓ నీళ్లు. ఎరువు మూడు వారాలకోసారి, భాస్వరం తక్కువున్నది, డబ్బా మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు.

తామర పురుగులు వేసవిలో వస్తాయి. ఆకుల మీద వెండిరంగు గీతలు పడతాయి, మొగ్గ తొడుగులోనే పూరేకులు చారలు తేలి విచ్చకుండా ఎండుతాయి. పక్కన సంకర గ్లాడియోలస్‌లు పెంచుతుంటే పురుగు అక్కణ్ణుంచే వస్తుంది. రెండింటినీ దూరం పెట్టండి. వైరస్ మోసే పేనుబంకకూ అదే కారణం.

ఏటేటా పేరు సరిచూసుకోవడం

మొదటి ఏడు ఏమీ తెలియదు, అన్ని జాతుల మొలకలూ ఒక్కలాగే ఉంటాయి. రెండో ఏడు ఆకును అడ్డంగా కోసి చూడండి. ట్రిస్టిస్ ఆకు కోత గుణకారపు గుర్తులా, నాలుగు లోతైన గాళ్లతో ఉంటుంది. కార్డినాలిస్ ఆకు కోత చదును. రెండింటికీ మధ్యరకంగా, నడి ఈనె బాగా లావెక్కి ఉంటే ట్రిస్టిస్ రక్తం ఉన్నట్టే. అది తీసి వేరే కుండీలో పెట్టుకోండి, పూస్తుంది, అందంగానే ఉంటుంది, కాని ఆ పేరుతో గింజ ఎవరికీ ఇవ్వకండి. మూడో ఏడు కాడ వంపు చూడాలి. గట్టిగా నిటారుగా లేచి, ఏప్రిల్, మేలోనే పూసి, గులాబీ వైపు తిరిగిన రంగైతే అది నానస్ సంకరం. వాసన వేసినా అనుమానించాల్సిందే. తెల్లమచ్చ మాత్రం నమ్మదగ్గ గుర్తు కాదు, అది సంకరాల్లోనూ దిగుతుంది.

ఎవరు కొనాలి

అంకెల్లో చెప్పాలంటే గింజ నాణ్యతకు ఐదుకు నాలుగు, పేరు నమ్మకానికి రెండున్నర, సూచనల కాగితానికి ఒకటి.

కాలిఫోర్నియా తీరంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాంతాక్రూజ్ దాకా సముద్రపు పొగమంచు తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. చలికాలపు వాన, చల్లటి వేసవి కేప్ కొండలకు దగ్గరగా ఉంటాయి. అదే బే ఏరియా లోపలి వైపు, ఫ్రీమాంట్ దాటి లివర్‌మోర్ వైపు వెళ్తే వేసవి వేడికి జోడు కుండీ ఏర్పాటు తప్పదు.

హైదరాబాద్, విజయవాడలలో కొనకండి. నవంబరు, డిసెంబరులో మొలకెత్తించడం కుదురుతుంది, అది చూసి ఆశ పుడుతుంది. మార్చి వచ్చేసరికి రాత్రులు వేడెక్కుతాయి, మొక్క ఎదగాల్సిన కాలంలో ఆగిపోతుంది, ఏప్రిల్, మే దాటదు. హార్స్‌లీ హిల్స్ లాంటి ఎత్తులో కూడా వేసవి ఈ మొక్కకు ఎక్కువే. ఏసీ గదిలో, గ్రో లైట్ కింద పెంచుతామనేవాళ్లకు ఒకటే ప్రశ్న: ఐదారు పూలకు మూడేళ్ల కరెంటు బిల్లు కడతారా?

దక్కనులో అడవి గ్లాడియోలస్ కావాలంటే వేసవి వానల ప్రాంతపు జాతులు చూడండి. ఇథియోపియా నుంచి మలావి దాకా పెరిగే మ్యురియెలే, పాత పేరు అసిడాంథెరా, తెల్లటి పువ్వు, గొంతులో ఊదా మచ్చ, సాయంత్రం మంచి వాసన. అది వానల్లో పెరిగి చలికాలం నిద్రపోయే మొక్క, మన వాతావరణానికి ఎదురు ఈదాల్సిన పని లేదు. జూన్ తొలి వానల తర్వాత 8-10 సెంటీమీటర్ల లోతున నాటి, ఆకులు ఎండాక దుంప తీసి ఆరబెట్టి దాచుకోవచ్చు. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో విస్తారంగా పెరిగే డాలెనీ కూడా ఈ కోవదే, నారింజ రంగు కోరుకునేవాళ్లకు అది నచ్చుతుంది. రెంటిలోనూ అరుదన్న ఆకర్షణ లేదు. దుంపలుగానే దొరుకుతాయి కాబట్టి వైరస్ చారలున్న ఆకు కనబడగానే పీకేయాలి.

కార్డినాలిస్ పూయించగలిగినవాళ్లు గింజ తామే కట్టించుకోవడం మంచిది, మళ్లీ పాకెట్ కొనే అవసరం రాదు. దానికి కనీసం రెండు వేర్వేరు మొలకల నుంచి పెరిగిన మొక్కలు కావాలి, ఒకే దుంప పిల్లలు రెండైతే లాభం లేదు. మొగ్గ రంగు తిరగగానే వల సంచి కట్టండి. పువ్వు విచ్చాక ముందు పుప్పొడి రాలుతుంది, కీలం కొస రెండు మూడు రోజులకు మూడుగా విచ్చుకుంటుంది. అప్పుడు రెండో మొక్క పుప్పొడిని చిన్న కుంచెతో ఆ మూడు కొసలకూ అద్ది, సంచి మళ్లీ కట్టి, పువ్వు వాడేదాకా ఉంచాలి. కాయ పగలడానికి ముందు కొస గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు కోయకపోతే గింజలు గాలికి పోతాయి, కాబట్టి కాయకు సంచి అప్పటికే మళ్లీ కట్టి ఉండాలి. కవరు మీద తల్లి, తండ్రి మొక్కలకు మీరు ఇచ్చుకున్న సంఖ్యలూ, కోసిన ఏడాదీ రాసి పెట్టండి.